కాదనడం రాని వీరుడు

ఈ సంగతంతా ఒక వీడియో గేము గురించి. దాంతోపాటు నా కొబ్బరితోట గురించి కూడా. ఆ ఆట ఎంత గొప్పదో, ఎక్కడెక్కడ తేలిపోయిందో చెప్పమంటే చాలాసేపు చెప్పగలను గానీ, దానివల్ల నా తోట ఉంటుందా పోతుందా అన్నదాకా వచ్చిందని చెప్పకపోతే సగమే చెప్పినట్టవుతుంది.

మా ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసేరు. నేను అదే స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఊరందరూ ఆయన్ని మాస్టారూ అంటుంటే నాకూ అదే అలవాటైపోయింది. ముమ్మిడివరానికీ అమలాపురానికీ మధ్యన మా ఊరు. ఇంటి వెనక తోట, తోట అవతల గట్టు, గట్టు అవతల పక్కచేనాయన వరిచేను. మా మేనకోడలు మా ఇంట్లో ఉండి అమలాపురంలో ఇంజినీరింగు చదువుకుంది. ఉద్యోగమొచ్చి బెంగుళూరు వెళ్ళిపోతూ, టీవీకి తగిలించుకునే ఆ గేము పెట్టెని మాకే వదిలేసింది. "మావయ్య రిటైరయ్యేడు కదత్తా, పొద్దు పోవాలి" అంది. ఈ వయసులో ఆటలేమిటే, పెద్దాయన్ని పట్టుకుని ఆడిస్తున్నావు అని కసిరేను. నా కసురు దానికి చిన్నప్పట్నించీ లెక్కలేదు.

ఆ ఆట పేరు ఇంగ్లీషులో చాంతాడంత ఉంటుంది. మేం "ఆట" అనే అనేవాళ్ళం. తగలబడిపోయిన రాజ్యం ఒకటి, అందులో జ్ఞాపకం పోయి సముద్రపొడ్డున లేచిన వీరుడొకడు. మొదలు మాత్రం మహా పాతచింతకాయ పచ్చడి, దాచేదేం లేదు. సినిమాకథలు ఎన్ని చూసేం కాదు! కానీ ఆ ఒడ్డు చూసేక వంక పెట్టలేకపోయేను. తడి ఇసక మీద కాలు తీస్తే ఆ అడుగులోకి నీళ్ళూరుతున్నాయి. మబ్బు పట్టగానే సముద్రం రంగు మారింది. ఎవరో కూర్చుని, ఓపిగ్గా, ఆ నీళ్ళని చూసి వేసేరు. కోట్లు పోసి చేసేరంటే ఏమో అనుకున్నాను గానీ, డబ్బొక్కటే ఉంటే ఇది వస్తుందా!

ముందుగా మన వీరుడి మొహం మనమే తయారు చేసుకోవాలి. డ్రాయింగు మాస్టారి చేతికి అలాంటి పని ఇస్తే ఇంకేముంది? ముక్కు దగ్గరే మధ్యాహ్నాలు గడిచిపోయేయి. చెంప ఎముక ఇంకాస్త లోపలికి, కనుబొమ ఇంకాస్త కిందకి. "పెళ్ళికొడుకుని ముస్తాబు చేస్తున్నారా, కదలండి" అని నేను అరిస్తే గానీ వీరుడు ఒడ్డు దాటలేదు.

ఆయనకి ఇంగ్లీషు వచ్చుగానీ వేగంగా చదవలేరు. ఆ ఆటలో మాటలు టీవీ అడుగున చీమల బారులా వచ్చి పోతుంటాయి. అంత ఖర్చు పెట్టిన మహానుభావులు అక్షరం ఇంకాస్త పెద్దది చేస్తే ఏం పోయిందో! అందుకని నేను కళ్ళజోడు పెట్టుకుని పక్కన కూర్చుని తెలుగులో చెప్పడం మొదలెట్టేను. ఎంతైనా కోనసీమ నోరు కదా, రాజుగారైనా రాక్షసుడైనా నా నోట్లోంచి వచ్చేసరికి మర్యాదస్తుడైపోయేవాడు. గుహలోంచి కొమ్ములవాడొకడు గండ్రగొడ్డలి పట్టుకుని ఉరికొచ్చేడు. "మిమ్మల్ని రెండు ముక్కలు చేస్తానండీ అంటున్నాడు" అని చెప్పేను. "ఆయ్" అన్నారు మా మాస్టారు వాడివైపు చూసి.

ఇంతలో పక్కచేనాయన వచ్చేవారు. రోజూ మధ్యాహ్నం నిద్ర లేచేక గట్టు దాటి వచ్చి మా వరండాలో టీ తాగడం ఆయనకి ఎన్నో ఏళ్ళుగా అలవాటు. ఆట వచ్చేక వరండా మానేసి హాల్లోకి మారేరు. ఆయనకి ఆట రాదు, నేర్చుకోనూ లేదు, కానీ చూసినంతసేపూ కుర్చీ అంచునే. "కొట్టండి మాస్టారూ! ఎడం పక్కండి! అయ్యయ్యో, వెనకాల వెనకాల!" అంటూ ఒకటే గోల. నన్ను అక్కయ్యగారూ అనేవారు. "అక్కయ్యగారూ, ఆ కొమ్ములవాడు పోతూ పోతూ ఏమన్నాడండీ?" అని చచ్చినవాడి ఆఖరి మాట కూడా వదలకుండా అడిగేవారు.

ఇక్కడే ఆ ఆటలో పెద్ద లోపం ఒకటి బయటపడింది. పోట్లాట నడుస్తుండగా ఆట ఆగదు. మధ్యలో ఆపుకునే వీలు పెట్టలేదు. అది చేసినవాళ్ళ ఊళ్ళో ఇంటికి మనుషులు రారు కాబోలు. మా ఇంట్లో వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, మా మాస్టారు రిమోటు సోఫాలో పడేసి లేచి నిలబడి రెండు చేతులూ జోడించి "రండి రండి, కూర్చోండి" అనేవారు. ఆ రండిరండికి వెనకాల వీరుడు ముక్కలైపోయేవాడు. పాలవాడొస్తే ఒక చావు, పోస్టుమాన్ వస్తే ఒక చావు. "మావయ్యా, కూర్చునే పలకరించొచ్చు కదా" అని మేనకోడలు ఫోనులో పగలబడి నవ్వితే, "ఇంటికొచ్చిన మనిషిని కూర్చుని ఎలా పలకరిస్తామే" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయేరు.

ఇంకో తిక్క కూడా ఉంది. ఆ రాజ్యంలో ఎవరింట్లోకైనా చొరబడి పెట్టెలూ కుండలూ తెరిచి ఉన్నవన్నీ మూట కట్టుకోవచ్చు. ఇంటివాళ్ళు అక్కడే నిలబడి చూస్తుంటారు, కిక్కురుమనరు. అలా పోగు చేసుకుంటేనే మంచి కత్తి కొనుక్కోగలం. మా మాస్టారు మాత్రం గుమ్మం ముందు ఆగి, లోపలున్నవాళ్ళు మొహం ఇటు తిప్పితే గానీ అడుగుపెట్టేవారు కాదు. ఒక్క పెట్టె ముట్టుకోలేదు. దాంతో సగం ఆట దాకా తుప్పుపట్టిన కత్తితోనే నెట్టుకొచ్చేడు పాపం వీరుడు. నాకైతే వేరే కోపం. అన్ని ఊళ్ళు తిరిగేడు, అంత మందికి సాయం చేసేడు, ఒక్క ఇల్లాలు, ఒక్కతంటే ఒక్కతి, "బాబూ, కాసిని మజ్జిగ తాగి వెళ్ళు" అనలేదు! ఇదేం రాజ్యమండీ? తగలబడిందంటే తగలబడదూ మరి!

తిట్టుకోవడానికి ఇంకా బోలెడున్నాయి. ఒక ఊళ్ళో మేక తప్పిపోయిందంటారు, వెతికి తెచ్చిస్తాం. పక్క ఊరికి వెళ్తే అక్కడా మేకే. గుర్రం ఒకసారి గోడలోకి సగం దూరి ఉండిపోయింది, తోకా వెనక కాళ్ళూ బయట. దాన్ని లాగడానికి ఆ పూటంతా పట్టింది. దక్షిణాన ఒక దీవిలో కొబ్బరిచెట్లు వేసేరు. చూసి నాకు ఒళ్ళు మండింది. గెలలు అరటి గెలల్లా వేలాడుతున్నాయి, గాలొస్తే మట్ట మొదలుకంటా ఊగిపోతోంది. "కొబ్బరిచెట్టు మొహం చూడని వాళ్ళెవరో వేసేరు" అన్నాను. మా మాస్టారు నా మాట వినిపించుకోలేదు. "ఆ నీడ చూడవే, నేల మీద. ఎండ వాలేకొద్దీ ఎలా పొడుగవుతోందో చూడు" అన్నారు.

ఆయన ఆ ఆట ఆడడంలో సగం ఇదే. ఒక కొండ మీద వీరుణ్ణి కూర్చోబెట్టి, శత్రువులూ లేరు పనీ లేదు, ఊరికే లోయలోకి చూస్తూ ఉండేవారు. పొగమంచు విడిపోవడం, ఏటి మీద వెలుతురు పడడం, పడి మళ్ళీ పోవడం. ఇలాగేనా ఆడేది అని నేను విసుక్కుంటే "ఎవరు వేసేరోగానీ ఆ చేతులు కళ్ళకద్దుకోవచ్చు" అనేవారు. ఆ మాట ఆయన నోట అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. నా వంటని కూడా అంతలా మెచ్చుకోలేదు.

పోట్లాటలూ తక్కువేం కాదు. ఊబిలో ఒక జంతువుంటుంది, తాటిచెట్టంత. మా మాస్టారు దాని చేతిలో ఎన్నిసార్లు చచ్చేరో చెప్పలేను. నాకు రోత పుట్టింది, ఆయనకి పుట్టలేదు. ఆ ఆట మనిషిని ఓడిస్తుంది గానీ వెక్కిరించదు. ఎందుకు ఓడిపోయేమో మనకే తెలిసేలా ఉంటుంది. అది తల ఎత్తే ముందు భుజం కదులుతుంది, ఆ భుజం మీద చూపు నిలిపితే తప్పుకోవచ్చు. బొమ్మలు వేసిన కన్ను కదా, ఆయనకి ఆ కదలిక పట్టుబడింది. అది కూలిన రోజు పక్కచేనాయన కుర్చీలోంచి లేచి మా ఇల్లదిరేలా చప్పట్లు కొట్టేరు. నేను కేసరి చేసి పెట్టేను. ముగ్గురం పిల్లల్లాగ మురిసిపోయేం.

ఇహ అసలు కథలోకి వస్తాను. ఆ ఆటలో మనుషులు మనల్ని ఏదో ఒకటి అడుగుతుంటారు. కింద మూడు వరసలు పడతాయి: చేస్తాను అని ఒకటి, చెయ్యను అని ఒకటి, మాట్లాడకుండా ఊరుకోవడం ఒకటి. మా మాస్టారి వేలు ఎప్పుడూ మొదటి వరస మీదే. ఆటలోనే కాదు, ఆయన బతుకంతా అంతే. ఊళ్ళో వినాయకచవితి పందిరికి బొమ్మలు ఆయనే వెయ్యాలి, క్రిస్మస్‌కి చర్చిలో పశువులపాక ఆయనే కట్టాలి. ఎవరొచ్చి ఏది అడిగినా "ఆయ్, అలాగేనండి." మా వైపు మొహం మీద కాదనే మనిషి ఎలాగూ తక్కువే. మిగతావాళ్ళు కనీసం నసుగుతారు, నీళ్ళు నములుతారు, అడిగినవాళ్ళు అర్థం చేసుకుని వెళ్ళిపోతారు. ఈయనకి నసగడం కూడా చేతకాదు. పెళ్ళయిన దగ్గర్నించీ దీని గురించి నేను తిట్టని రోజు లేదు.

వీరుడి వెంట ఒక ఆడమనిషి నడుస్తుంటుంది, విలుకత్తె. మాట తక్కువ. రాత్రి మజిలీలో మంట దగ్గర కూర్చుని బాణాలకి ఈకలు కడుతూ ఉంటుంది. చచ్చిపోయిన తమ్ముడి విల్లు ఎక్కడో శత్రువుల దగ్గరుందనీ, దొరికితే తనకే ఇమ్మనీ అడిగింది. మా మాస్టారు సరేనన్నారు. కొన్నాళ్ళకి ఒక కోట దొర, అదే విల్లు తెచ్చిస్తే కోట తలుపులు తీస్తానన్నాడు. నేను చదివి చెప్తూనే ఉన్నాను, "చూసుకోండి, ఇది ఆ పిల్లకి చెప్పిన విల్లే" అని. పెద్దవాడు అడిగేడు కదా అని ఆయన సరేనన్నారు. పక్కచేనాయన నెత్తి కొట్టుకున్నారు. "ఇద్దరికీ సరేనంటే ఎలాగండీ మాస్టారూ! ఉన్నది ఒక్కటే విల్లండీ!"

విల్లు దొరికింది. దొర దగ్గరికి వెళ్ళగానే ఆట ఆయన్ని అడగనైనా అడగలేదు, ఆఖరున ఇచ్చిన మాట ప్రకారం విల్లు దొర చేతిలోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మజిలీలో విలుకత్తె లేచి నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. "నువ్వు మంచివాడివి. అందరికీ మంచివాడివి. నాకు అంత మంచివాడు అక్కర్లేదు" అంది. దానికి నేను అండీ తగిలించలేకపోయేను, ఉన్నదున్నట్టే చెప్పేను. మూట భుజానేసుకుని చీకట్లోకి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఎన్నిసార్లు మజిలీ చేసినా మంట దగ్గర ఆ దుంగ ఖాళీగానే ఉండేది. ఇంకెవరూ దాని మీద కూర్చోరు.

వెనక్కి వెళ్ళి మార్చుకోవచ్చేమోనని మేనకోడలికి ఫోను చేసేం. కుదరదంది. ఆ ఆటకి మరపు లేదట. మా మాస్టారు కొన్నాళ్ళు రిమోటు ముట్టుకోలేదు. పక్కచేనాయన అంతకంటే బాధపడ్డారు. "బంగారంలాంటి పిల్లండీ" అని టీ తాగుతూ నాలుగుసార్లు అనుకున్నారు. నాకు మాత్రం ఆ కథ అల్లినవాళ్ళ మీద గౌరవం అమాంతం పెరిగిపోయింది. నేను ఇన్నేళ్ళు గొంతు చించుకుని చెప్పినా ఎక్కనిది, వాళ్ళు ఒక ఖాళీ దుంగతో చెప్పేరు. అప్పట్నించీ ఆయన రెండో వరస మీద కూడా వేలు పెట్టడం నేర్చుకున్నారు. మొదటిసారి ఒక వర్తకుడితో "చెయ్యను" అన్నప్పుడు నుదుటి మీద చెమట. పక్కచేనాయన "శభాష్ మాస్టారూ! అలా ఉండాలండి!" అని భుజం తట్టేరు.

ఆ ఏడు పక్కచేనాయన చేను రెండోసారి ములిగింది. డ్రెయిను పొంగి, కోతకొచ్చిన వరి నీళ్ళలో మొలకెత్తింది. ఆయనకి విరక్తి పుట్టింది. చుట్టుపక్కల చాలామంది అప్పటికే చేలు తవ్వి రొయ్యల చెరువులు చేసేరు. తనూ చెయ్యాలనుకున్నారు. దానికి ఉప్పుటేటి నీళ్ళు పెట్టాలి. పక్కనున్న రైతు అభ్యంతరం లేదంటే గానీ తవ్వడానికి లేదు. ఆయన చేనుకి మూడు వైపులా కాలవా, రోడ్డూ, డ్రెయినూ. నాలుగో వైపు మా తోట.

ఆ కబురు నాకు ముందు పాలవాడి నోట తెలిసింది. సముద్రం వైపు మా పిన్ని వాళ్ళ తోట నేను కళ్ళారా చూసేను. పక్కన చెరువు తవ్వేక ఉప్పు నేలలోకి దిగింది. నూతిలో నీళ్ళు నోట పెట్టుకోలేకపోయేరు. కాయ నిమ్మకాయంతై, మట్టలు ఎర్రబడి, ఒక్కో చెట్టూ మొండెంలా మిగిలింది. మా తోటలో ప్రతి మొక్కా నేను నాటింది. పెళ్ళయిన కొత్తలో, ఇక్కడ గడ్డి తప్ప ఏం లేనప్పుడు, బడి నించి వచ్చి చీర కుచ్చెళ్ళు దోపుకుని బిందెలతో నీళ్ళు మోసేను. నాకు పిల్లల్లేరు. ఇంకేం చెప్పను?

"ఆయనొచ్చి అడుగుతారు. ఈసారి గనక అలాగేనండీ అన్నారో, నేను ఈ ఇంట్లో ఉండను" అన్నాను మా మాస్టారితో. "ఆయ్" అన్నారు. ఆ ఆయ్ విని నాకు ఇంకా భయం వేసింది.

పక్కచేనాయన మర్నాడు ఎప్పటిలా మధ్యాహ్నమే వచ్చేరు. మా మాస్టారు ఆట ఆడుతున్నారు. ఈయన కుర్చీలో కూర్చున్నారు గానీ టీవీ వైపు చూడలేదు. టీ ఇచ్చేను. గ్లాసు చేతిలోనే పెట్టుకుని, చేను సంగతి, ములిగిన వరి సంగతి, చెరువు సంగతి చెప్పుకొచ్చేరు. "మనలో మనకి ఇంత చెప్పుకోవాలాండీ మాస్టారూ, మీరు కాదనరని నాకు తెలుసు. మీరొక్క మాట అనేస్తే రేపే పని మొదలెట్టిస్తాను" అన్నారు. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

మా మాస్టారు టీవీ కట్టేసేరు. "వద్దండి" అన్నారు.

పక్కచేనాయన నవ్వేరు. "ఆటలో అన్నట్టు కాదండీ మాస్టారూ, నాకు చెప్పండి."

"మీకే చెప్తున్నానండి. చెరువు వద్దండి. నేను ఒప్పుకోలేనండి."

ఆ నవ్వు వెంటనే పోలేదు, మొహం మీద అలా ఉండిపోయి కాసేపటికి పోయింది. పక్కచేనాయన గ్లాసు బల్ల మీద పెట్టేరు, తాగలేదు. "వస్తానండి అక్కయ్యగారూ" అని నాకు మర్యాదగా చెప్పి గట్టు దాటి వెళ్ళిపోయేరు.

నా సంతోషం ఏం చెప్పను! తప్పో ఒప్పో, ఆ పూట నా కాళ్ళు నేల మీద లేవు. తోటలోకి వెళ్ళి చెట్టు చెట్టుకీ చెయ్యి తగిలించి వచ్చేను. "మీ మావయ్య కాదన్నారే!" అని మేనకోడలికి ఫోను చేస్తే అది నమ్మలేదు. ఆ ఆట చేసినవాళ్ళెవరో, ఏ దేశంలో ఉన్నారో, వాళ్ళకి ఒక బుట్టెడు బొండాలు పంపాలనిపించింది. నిక్షేపంలాంటి మనిషికి ఇన్నాళ్ళకి వెన్నెముక పెట్టేరు!

మర్నాడు మధ్యాహ్నం పక్కచేనాయన రాలేదు. ఆ వారమంతా రాలేదు. కొబ్బరికాయల దింపు అయింది, వాన వచ్చింది, ఆయన రాలేదు. గట్టు అవతల తలకి తువ్వాలు చుట్టుకుని తిరుగుతూ కనబడేవారు, మా వైపు తల తిప్పేవారు కాదు. ఇంత గొప్ప ఆటలోనూ ఇది నేర్పలేదు చూడండి. అందులో మనం కాదన్న మనిషి వెళ్ళిపోతాడు, అంతే, మళ్ళీ కనబడడు. మనకి ఇంకో ఊరుంటుంది, ఇంకో పనుంటుంది. కాదన్నాక ఆ మనిషి గట్టు అవతలే రోజూ తిరుగుతుంటే మధ్యాహ్నాలు ఎలా వెళ్ళదియ్యాలో ఆ మూడు వరసల్లో ఎక్కడా లేదు.

ఆట ఆఖరికి మేమిద్దరమే మిగిలేం. "కొట్టండి మాస్టారూ" అనేవాళ్ళు లేక ఆయన మెత్తగా, మాట్లాడకుండా ఆడేవారు. ముగింపు కూడా నాసిగానే ఉంది. ఆకాశం చీలింది, రాజు గద్దె ముందు మూడు తలుపులు పెట్టేరు, ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. అన్నాళ్ళు మనం ఎవరికి ఏ మాటిచ్చేమో, ఎవరిని పోగొట్టుకున్నామో దేనికీ లెక్కలేదు. అంత జ్ఞాపకం ఉన్న ఆట చివరికొచ్చి చేతులు దులిపేసుకుంది. అయినా ఆ చీలిన ఆకాశంలోంచి పడ్డ వెలుతురు మాత్రం, అబ్బ! నేనే కళ్ళు తిప్పుకోలేకపోయేను. పేర్లు పడుతున్నాయి, వేలమంది పనిచేసేరట. మా మాస్టారు ఆ పేర్లన్నీ అయ్యేదాకా కూర్చుని, టీవీ కట్టేసి, "పద, గట్టు అవతలకి వెళ్ళొద్దాం" అన్నారు.

పక్కచేనాయన అరుగు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు, పలకరించలేదు. మా మాస్టారు మెట్ల దగ్గరే ఆగి, "కాదన్నాను గానీ రావద్దనలేదు కదండీ" అన్నారు.

ఆయన తువ్వాలు భుజం మీద సర్దుకుంటూ అన్నారు, "మీరు కాదన్నారని కాదండీ మాస్టారూ నా బాధ. మీ తోట మీది. కానీ ఇన్నేళ్ళలో మీరు నాకు ఎన్ని సరేలన్నారండీ. అవన్నీ నిజంగానే అన్నారో, మొహమాటానికి అన్నారోనని ఆలోచిస్తుంటే నాకు నిద్ర పట్టట్లేదండి."

మా మాస్టారు తల వంచుకున్నారు. ఎత్తకుండానే, "చాలామటుకు నిజమేనండి. మీ ఇంట్లో పనసపొట్టు కూర మాత్రం నాకు పడదండి" అన్నారు.

"ఏడాదికి రెండు మూడుసార్లు పంపిస్తున్నాం కదండీ!"

"తింటున్నానండి."

పక్కచేనాయన కళ్ళు పెద్దవి చేసుకుని చూసేరు, ఇంక ఆపుకోలేక కడుపు పట్టుకుని నవ్వేరు. నవ్వి నవ్వి తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు. అది నవ్వువల్లేనా అని నేను అడగలేదు. చెరువు మాట తను వదల్లేదనీ, రోడ్డవతల ఇంకెక్కడైనా చేను కౌలుకి చూసుకుంటాననీ చెప్పి, కూర్చోమన్నారు. అక్కడే టీ తాగేం.

తిరిగి వస్తూ నాకు మనసు తేలికపడి వేళాకోళం ముంచుకొచ్చింది. గట్టు మీద ముందు నడుస్తూ, "ఏవండీ, మరి నాకన్న సరేలలో పనసపొట్టు కూరలేమైనా ఉన్నాయా?" అని అడిగేను. ఏదో ఒకటి అని నవ్వేస్తారనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆగిపోయి నిలబడ్డారు.

"ఉందే. ఈ తోట" అన్నారు.

నాకు ముందు అర్థం కాలేదు.

"పెళ్ళయిన కొత్తలో అమలాపురంలో ఒక గది చూసుకుని వచ్చేను. ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది దానికి. బొమ్మలు వెయ్యడానికి ఉత్తరపు వెలుతురే కావాలి, అది రోజంతా మారకుండా ఉంటుంది. అక్కడే కాపురం పెడదామనుకున్నాను. నీకు చెప్పబోతే నువ్వు ఈ జాగా చూపించి, ఇక్కడ ఇల్లు కట్టుకుని మొక్కలేసుకుందాం అన్నావు. సరేనన్నాను."

"మరి మొన్న ఆయనతో ఎందుకు కాదన్నారు?" అన్నాను.

"నీ చెట్లు కదే" అన్నారు.

ఆ ఆట ఆయనకి తన మనసులో మాట చెప్పడం నేర్పిందని ఊరంతా చాటేను. ఆయన చెప్పింది నా మాట. అంత స్నేహాన్ని పణంగా పెట్టి నా మాట చెప్పేరు. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. "ఇన్నేళ్ళు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నారా? ఒక్కసారి చెప్తే నేను కొరుక్కు తింటానా?" అని గట్టు పొడుగునా తిట్టేను. తిడుతూనే ఏడ్చేను. మా ఇంటికి ఉత్తరం వైపు కిటికీ లేదు, అటంతా నా కొబ్బరిచెట్లే. ఊరికోసం తప్ప తనకోసం బొమ్మలు వెయ్యడం ఎందుకు మానేసేరో నేను ఒక్కనాడూ అడగలేదు. బడిలో రోజంతా అదే పని కదా, విసుగొచ్చి మానేసేరనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తాపీమేస్త్రీకి కబురు పెట్టేను. మా మాస్టారిని పెరట్లోకి తీసుకెళ్ళి, "ఈ గోడకి కిటికీ పెట్టిస్తున్నాను. వెలుతురికి ఏయే చెట్లు అడ్డమో చూసి చెప్పండి, కొట్టిద్దాం" అన్నాను. ఆయన సంగతి నాకు తెలుసు కదా. ఎందుకులే, ఉండనీ అంటారనీ, నేను బతిమాలాల్సొస్తుందనీ, ఆయన తోటంతా తిరిగి ఆలోచించాల్సొస్తుందనీ అనుకున్నాను. చుట్టూ చూడనైనా చూడలేదు. తిన్నగా రెండు చెట్ల మధ్యకి నడిచి వెళ్ళి నిలబడి, ఒకదాని మీద ఈ చెయ్యీ, ఇంకోదాని మీద ఆ చెయ్యీ వేసేరు.